చిలుక పట్టుకున్న పిల్ల

అమ్మకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ చేయించాక సూర్యాపేటలో మా ఇంట్లో దాగి ఉన్న మురికంతా బయటపడింది. ఫ్యాను రెక్కల మీది దుమ్ము, తలుపు సందులో బూజు, నా పాపిట్లో తెల్లవెంట్రుకలు, ఆవిడ కంట పడనిది లేదు. మండలాఫీసులో పొద్దంతా జనం చేత మాటలు పడి ఇంటికొస్తే ఇక్కడ అమ్మ తనిఖీ. "ఆపరేషన్ చేయించి నా కొంప నేనే ముంచుకున్న" అని పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేదాన్ని.

ఒక సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీస్తూ ఆమె చేతులు ఆగిపోయాయి.

"అన్నీ మంచిగ కనపడ్తున్నయ్ బిడ్డా. అది ఒక్కతే కనపడ్తలేదు."

ఎవరని నేను అడగలేదు. ఆ గొంతుతో అమ్మ 'అది' అంటే మా అక్కే.

"ఇంతకుముందు కండ్లు మూసుకుంటే వచ్చేది. ఇప్పుడు దాని లంగ కనపడ్తది, జడ కనపడ్తది, ఉరుకుతున్న కాళ్ళు కనపడ్తయ్. మొహం కాడికి వచ్చేసరికి ఏం ఉండదు. నేను దాన్ని మర్సిపోయిన్నా?"

"వయసు గదనే అమ్మా. పొద్దుగాల ఏం తిన్ననో నాకే యాదుండదు" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. అమ్మ మళ్ళీ చిక్కుడుకాయల మీదికి వంగింది.

అక్క బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాదే మెదడువాపు జ్వరంతో పోయింది. అప్పుడు మాది వేములపల్లి. నాకు నడక కూడా సరిగా రాని వయసు. అందుకని ఆమెకు సంబంధించి నా దగ్గర ఒక్క జ్ఞాపకం కూడా లేదు. పేరు మాత్రం ఉంది. బతుకమ్మ నాడు, దసరా నాడు అమ్మ ముఖం చూసి అక్క ఒకతి ఉండేదని గుర్తు చేసుకునేదాన్ని, అంతే.

ఆమె ఫొటో ఒకటి ఉండేదట. వడ్లు అమ్మడానికి మిర్యాలగూడ పోయినప్పుడు నాన్న వెంట తీసుకెళ్ళి స్టూడియోలో తీయించాడు. పిల్ల పోయాక నాయనమ్మ ఆ ఫొటోను బట్టలతో కలిపి మూటగట్టించి సాగర్ కాలువలో వేయించింది. మా దిక్కు గోడకు ఫొటో కట్టించారంటే అది పోయినవాళ్ళదే. పెద్దది చేయించి, చట్రం వేయించి, దండ వేసి, పక్కన చిన్న ఎర్రబల్బు పెడతారు. కానీ ఆ గోడ పెద్దవాళ్ళది. మా ఇంట్లో నాన్నా నాయనమ్మా దాని మీదే ఉన్నారు. పసిపిల్లలు పోతే మట్టిలో పెడతారు. వాళ్ళకు దినాలు చేయరు, పెత్రమాస నాడు పెద్దలకు పెట్టే అన్నంలో వాళ్ళకు ముద్ద ఉండదు, గోడ మీద చోటూ ఉండదు. పసిపిల్ల ఫొటో కళ్ళెదుట ఉంటే తల్లి కోలుకోదని నాయనమ్మ నమ్మకం. అమ్మ మంచి కోరే చేసి ఉంటుంది. నాకు మాత్రం ఆ ముసలమ్మ మీద ఇప్పటికీ కోపం పోలేదు.

ఆ మూటను కాలువ దాకా మోసుకెళ్ళింది మా మేనత్త, నాన్న చెల్లెలు. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. అక్కను చంకనేసుకుని తిరిగిందీ, జడలు వేసిందీ, పక్కలో పడుకోబెట్టుకుందీ ఆమే. తల్లి మాట కాదనలేక వెళ్ళి నీళ్ళలో వదిలేసి వచ్చింది. ఈ సంగతి అమ్మకు తరవాత తెలిసింది. అప్పుడూ ఒక్క మాట అనలేదు, ఇన్నేళ్ళలో ఎన్నడూ అనలేదు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు.

మేనత్త పెళ్ళయి కోదాడ వెళ్ళింది. ఆంధ్ర పక్కనే కాబట్టి మెల్లగా అక్కడి మాట పట్టుబడింది. ఆమె "ఏంటి వదినా" అన్నప్పుడల్లా అమ్మ "ఏందో నువ్వే చెప్పు" అని వెక్కిరిస్తుంది. కోదాడలో రిటైరైన ఒక సారు చిన్న వ్యాను మాట్లాడి, పదిమందిని పోగుచేసి గుళ్ళకు తిప్పుతుంటాడు. గుళ్ళన్నీ అయిపోయాయో ఏమో, ఒకసారి హైదరాబాద్‌లో బాగా పేరున్న మ్యూజియానికి తీసుకెళ్ళాడు. లోపల దగ్గరుండి చూపించి చెప్పడానికి గైడును కూడా కుదిర్చాడు. మేనత్త మోకాళ్ళ నొప్పులతోనే వెళ్ళొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఫోను.

"వదినా, మన పెద్దదాన్ని చూశాను."

అమ్మకు అర్థం కాలేదు. ఫోను స్పీకర్లో పెట్టమని నాకిచ్చింది.

"రంగుల బొమ్మలుండే గదిలో, కిటికీ పక్కన. ఎర్ర లంగా వేసుకుని, చేతి మీద చిలుకను పెట్టుకుని నిలబడింది. అచ్చం అదే వదినా. ఆ కళ్ళు, ఆ గడ్డం, అన్నీ అవే. ఆ గదిలో ఫొటోలు తీయనివ్వరంట. నువ్వొకసారి వెళ్ళి చూడు."

అమ్మ ఒక్కటే అడిగింది. "నవ్వుతున్నదా?"

"లేదు వదినా. ఊరికే చూస్తోంది."

ఆ తరవాత కొద్ది రోజులకే మేనత్త బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మంచం దిగలేని స్థితి. రోజూ ఫోను చేసి "ఎప్పుడు వెళ్తున్నావు వదినా" అని అడిగేది. దసరాకు చీర కొంటానన్నా వద్దనే అమ్మ, నన్ను అడిగింది.

"ఆ మ్యూజియం కాడికి నన్ను తీస్కపోతవా?"

మనమే ఏ ఆదివారమో బస్సులో పోయొద్దామన్నాను. ఒప్పుకోలేదు. "గంత పెద్ద బంగ్లల మనం ఏడ దేవులాడుతం? ఆ సారు బండిల్నే పోదాం. చూపెట్టేటోళ్ళు ఉండాలె" అంది. సారు మళ్ళీ ఎప్పుడు వ్యాను కడతాడా అని ఎదురుచూశాం. అమ్మ ఆశతో ఎదురుచూసింది. నేను భయంతో. అంత దూరం పోయి, ఆ బొమ్మ ముందు నిలబడి కూడా ఈవిడకు ఏమీ గుర్తు రాకపోతే? తన పిల్లో కాదో కూడా చెప్పలేకపోతే? ఆ తరవాత ఈవిడను ఏం చెప్పి ఊరడించాలో నాకు తెలియదు.

వ్యాను కోదాడలో బయలుదేరి మునగాల మీదుగా వచ్చి హైవే మీద మమ్మల్ని ఎక్కించుకుంది. సారు అందరికీ పసుపుపచ్చ టోపీలు పంచాడు, గుంపులో తప్పిపోకుండా. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని దాని మీద టోపీ పెట్టుకుంది. మా పక్క సీట్లో మిర్యాలగూడ రైసుమిల్లావిడ ఒకామె. ముందురోజే కోదాడ వచ్చి చుట్టాలింట్లో దిగిందట. పులిహోర, పూరీలు, చెగోడీలు, ఆవిడ సంచీలో లేనిది లేదు. "మ్యూజియంల ఏముంటదమ్మా, పాత సామాన్లే గద. మా అత్తగారింట్ల అటుక మీద ఉన్నయ్ సూడు గంతకంటె ఎక్కువ" అని చౌటుప్పల్ దాకా నవ్విస్తూనే ఉంది. అమ్మ కూడా నవ్వింది. కానీ ఒళ్ళో పెట్టుకున్న సంచీని మాత్రం వదల్లేదు.

ఆ సంచీలో ఏముందో గేటు దగ్గర బయటపడింది. తనిఖీ చేసే ఆమె తెరిచి చూస్తే పల్లిపట్టీల పొట్లం. తినేవి లోపలికి తీసుకుపోవద్దంది.

"తినడానికి గాదు బిడ్డా. ఆడ పెట్టి వచ్చేస్త" అంది అమ్మ.

ఆ తనిఖీ ఆమెకేం అర్థమవుతుంది. నాకు మాత్రం అర్థమైంది. గోడ మీద పిల్ల ఉందన్నారు కదా, పిల్ల ముందు పిల్లకిష్టమైంది పెట్టాలి. ఇన్ని పెత్రమాసల్లో ఒక్కసారీ పెట్టలేకపోయింది. నేను మాట్లాడకుండా పొట్లం తీసి సామాన్ల గదిలో ఇచ్చి టోకెను పట్టుకున్నాను.

గైడు సన్నగా, చలాకీగా ఉన్న సిటీ పిల్ల. మెడలో చిన్న మైకు, పుస్తకంలో అచ్చేసినట్టుండే తెలుగు. "దయచేసి తాడు దాటి ముందుకు రాకండి, దేన్నీ తాకకండి" అని మొదలుపెట్టింది. కత్తులు చూపించింది, పింగాణీ చూపించింది, దంతం కుర్చీలు చూపించింది. ప్రతి గది గుమ్మంలోనూ అమ్మ నా చెయ్యి గోకి "గీడనేనా?" అని అడిగేది. ఇక్కడ కాదనేదాన్ని. సరే అని తలూపి, ఆ గదిలో ఉన్నవన్నీ మర్యాదగా చూసేది.

పెద్ద పెద్ద దొరల బొమ్మలున్న గదికొచ్చాం. గుమ్మంలో అమ్మ చెప్పులు విడిచి గోడవారగా పెట్టింది.

"అమ్మా, చెప్పులు వేసుకోవచ్చండి" అంది గైడు.

"వద్దు బిడ్డా. పెద్దమనుషులు ఉన్నరు."

ఒట్టి కాళ్ళతో ఒక్కో బొమ్మ ముందుకూ వెళ్ళి, రెండు చేతులూ జోడించి, నిట్టూర్చి, పక్కదానికి పోయేది. నాలుగైదు అయ్యాక గైడును అడిగింది. "పాపం, ఈయన ఎప్పుడు పోయిండు? దండ ఎందుకు ఎయ్యలేదు ఎవ్వరికీ?"

మిల్లావిడ పకపకా నవ్వింది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. గైడు మాత్రం నవ్వలేదు. "వీళ్ళు బతికుండగానే గీయించుకున్నారమ్మా" అని నెమ్మదిగా చెప్పింది.

"బతికుండంగనేనా? భయం గాలేదా?"

"తరవాత ఎలాగూ అందరూ పోయారు లెండి" అంది గైడు. ఈసారి అందరం నవ్వాం, అమ్మ కూడా. నవ్వు ఆగాక నాకొక్కదానికే వినబడేట్టు, "మంచిగ చేసిన్రు. ముందుగాల్నే గీయిస్తే మర్సిపోతమన్న రంది లేదు" అంది. నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ గది దాటాక గైడు వాచీ చూసుకుని మమ్మల్ని కిందికి నడిపించబోయింది. కుడిచేతి వైపు ఒక చిన్న గది ఉంది, తలుపు తీసే ఉంది, లోపల కిటికీ కనబడుతోంది. మేనత్త చెప్పిన గుర్తులన్నీ అవే.

"ఆ గది చూపించరా?" అన్నాను.

"అది ఈసారి మన టూర్లో లేదు మేడం. ఇప్పటికే ఆలస్యమైంది, కింద ఇంకా రెండు గదులున్నాయి."

ఆఫీసులో ఇట్లాంటి జవాబులు నేనే రోజూ ఇస్తాను కాబట్టి ఎదుటివాళ్ళు చెబితే నాకు మహా మంట. గొంతు లేచింది. "ఇంత దూరం వచ్చింది ఆ గది కోసమే. మాకు కత్తులొద్దు, పింగాణీ వద్దు" అన్నాను. సారు కంగారుగా వెనక్కి వచ్చాడు. అమ్మ నా కొంగు పట్టుకుని గుంజింది. "లొల్లి చెయ్యకే. వాళ్ళకు వీలుగాకుంటే పోదాం తియ్యి" అంది. అనడమైతే అంది గానీ కళ్ళు ఆ గది మీది నుంచి తీయలేదు. అది చూసి నా నోటి నుంచి ఏమొస్తుందో నాకే తెలియలేదు.

"మా అక్క ఉంది ఆ గదిలో."

గైడు నా ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది. మెడలో మైకు ఆపేసి, "రండమ్మా" అని ముందు నడిచింది.

బొమ్మ నేననుకున్నంత పెద్దది కాదు. రెండు చేతులతో ఎత్తి పట్టుకోగలిగినంత. ఎర్ర లంగా, చేతి మీద చిలుక, పైన చిన్న లైటు. కింద చీటీ మీద 'చిలుకతో బాలిక' అని ఉంది. "ఈ పాప ఎవరో తెలియదమ్మా. గీసినవాళ్ళ పేరు కూడా తెలియదు" అంది గైడు మెల్లగా.

నేను బొమ్మను ఎక్కువసేపు చూడలేదు. నాకు ఏ పిల్ల మొహమైనా ఒకటే, అక్క అంటే నమ్మేస్తాను. అమ్మనే చూస్తూ నిలబడ్డాను. తాడు దాకా వెళ్ళి, మెడ ముందుకు చాచి, కొత్త కళ్ళు పెద్దవి చేసి చూసింది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. మళ్ళీ చూసింది.

"కాదు" అంది.

"అమ్మా..."

"కాదు. ఇది గాదు. దీని కండ్లు గింత పెద్దగ ఉన్నయ్. మా దానియి చిన్న కండ్లు, నవ్వితే మూసుకపోయేటియి. నొసలు గింత యెడల్పు లేకుండె. ఎడమ కనుబొమ్మల ఒక గీత ఉండె, అరుగు మీది నుంచి పడ్డప్పుడు తెగింది, ఆడ ఎంట్రుకలు మొలవలే. ముందరి పన్ను ఊడింది, కొత్తది ఇంక రాలే. సిగ్గుపడి కింది పెదవి లోపలికి పెట్టుకునేది. గడ్డం గిట్ల కోసుగ ఎక్కడిది? గడ్డం మీ నాయనదే, గుండ్రంగ."

ఆ బొమ్మతో తగువు పెట్టుకున్నట్టు చెబుతోంది. ఇంత దూరం వచ్చి ఆశ చచ్చిందని నేననుకున్నాను. చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పబోయాను. తిరిగింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"నేను మర్సిపోలే బిడ్డా. మర్సిపోతే కాదని నాకెట్ల తెలిసింది? మర్సిపోలే నేను."

గోడ పక్కనున్న బెంచీ మీద కూలబడి ఏడ్చింది. చావింట్లో ఏడ్చినట్టు, గొంతెత్తి, రొమ్ము కొట్టుకుంటూ ఏడ్చింది. చిన్నపిల్ల పోతే అంత ఏడవకూడదని ఆ రోజున ఆమె నోరు ఎంతమంది మూయించారో నాకు తెలియదు. గార్డు పరుగెత్తుకొస్తే గైడు చెయ్యి ఊపి ఆపేసింది. ఇందాక నవ్విన మిల్లావిడ వచ్చి అమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతూ "ఏడువమ్మా, ఏడువు" అంటోంది. నేనూ ఏడ్చాను. అక్క కోసం నేను ఏడవడం అదే మొదలు. అంతకుముందు ఎవరి కోసం ఏడవాలో తెలిసేది కాదు, ఒట్టి పేరు మాత్రమే ఉండేది. ఇప్పుడు కనుబొమ్మ తెగి, పన్ను ఊడి, పెదవి లోపలికి పెట్టుకున్న ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల దొరికిన చోటే నాకు పోయింది కూడా.

తిరుగు దారిలో అమ్మ పల్లిపట్టీల పొట్లం విప్పి వ్యానులో అందరికీ పెట్టింది. "తినుండ్రి. దానికి మస్తు ఇష్టం" అంది. దేనికి, ఎవరికి అని ఎవరూ అడగలేదు. అందరూ తిన్నారు.

ఆ వారంలోనే బస్సులో కోదాడ వెళ్ళాం. మేనత్తకు ఫోన్లో ఏమీ చెప్పలేదు, వచ్చి చెబుతానంది అమ్మ. దారిలో "అత్తమ్మకు ఏం చెప్తవే?" అని అడిగాను. మునగాల దగ్గర కోతకొచ్చిన పొలాలు చూస్తూ ఊరుకుంది. నిజం చెప్పాలని నా మనసులో ఉంది. ఆ మనిషి కనబడ్డవాళ్ళందరికీ మా పిల్ల బొమ్మ హైదరాబాద్‌లో ఉందని చెప్పుకుంటోంది. అదీ గాక ఆ మూటను నీళ్ళలో వదిలింది ఆమే అన్న మాట నా కడుపులో ఎక్కడో అడుగున ఉండనే ఉంది.

మేనత్త మంచంలో సగానికి సగమైంది. అమ్మ కూర్చోకముందే చెయ్యి పట్టేసుకుంది.

"చూశావా వదినా?"

"సూసిన."

"అదే కదా? అచ్చం అదే కదా?"

అమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. మేనత్త ముఖం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది.

"అదే, పిల్లా. అచ్చం అదే. కండ్లు గూడ గవే."

బిగుసుకుని ఉన్న మేనత్త ముఖం కాస్తా వదులైంది. ఏడుస్తూ, ఎవరం అడగకుండానే, మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరూ ఎత్తని మాట ఎత్తింది.

"నా చేతులతో నేనే వదిలేశాను వదినా. అమ్మ చెప్పింది, నేను వదిలేశాను. ఆ మూట మునగలేదు. చాలా దూరం తేలుతూ పోయింది, నేను గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆ బొమ్మను చూడగానే ఏమనిపించిందో తెలుసా? ఎక్కడో ఎవరో ఆ ఫొటో తీసి, దాన్ని చూసి గీసి దాచారేమో అనిపించింది. పిచ్చిదాన్ని."

"పిచ్చి ఏం గాదు. మంచిగ దాసిన్రు" అంది అమ్మ. "లైటు పెట్టిన్రు, తాడు గట్టిన్రు, ఎవ్వరినీ ముట్టనియ్యరు. నువ్వు పరేషాన్ గాకు."

నేను లేచి నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ఖాళీగానే ఉంది. పక్కన కూర్చుని, ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకట్ల చెప్పినవ్?"

"దానికి ఇగ ఆ మొహమే మిగిలింది. అది గూడ గుంజుకోవాల్నా నేను?"

అక్క అసలు మొహం తెలిసిన మనిషి ఇప్పుడు ఈ లోకంలో అమ్మ ఒక్కతే. ఈవిడ తరవాత ఎవరు? ఆ ఆలోచన వచ్చేసరికి అమ్మ వైపు తిరిగి కూర్చున్నాను. అమ్మ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

"వస్తున్నదా?" అన్నాను.

"వస్తున్నది."

"ఇంకొక్కపారి చెప్పవే. అన్నీ చెప్పు."

కళ్ళు తెరవకుండానే మొదలుపెట్టింది. చిన్న కళ్ళు, ఊడిన పన్ను, నాన్న గడ్డం. నేనూ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చాను. కనుబొమ్మ దగ్గర ఆగిపోయాను.

"గీత ఏ దిక్కు ఉండె?"

"ఎడమ దిక్కు" అంది అమ్మ. "మర్సిపోకు."